వెనక కాలి ముల్లు కోసం పర్లాకిమిడి దాకా

పోయినేడాది వానాకాలంలో నేను తీసిన 140 పురుగుల ఫొటోలు చూసి, వ్యవసాయ కళాశాలలో కీటకశాస్త్రం చెప్పే పెద్దాయన ఒకే మాట అన్నారు: "అన్నీ వీపులే తీశావు నాయనా." ఏ ఫొటోకి ఏ పేరు చెబుతారా అని నేను నోటుపుస్తకం తెరిచి కూర్చున్నాను. ఆయన రెండింటికి కుటుంబం పేరు చెప్పి, తక్కినవి పక్కన పెట్టేశారు. "వీటిని గుర్తుపట్టాలంటే ముఖం కావాలి, పక్క కావాలి, వెనక కాలు కావాలి. వెనక కాలి ముల్లు కనపడే ఫొటో ఒక్కటి తీసుకురా, అప్పుడు మాట్లాడుకుందాం."

ఆ ముల్లు ఉన్నది దోమకి. కుట్టే దోమ కాదు. వరి దుబ్బులో చేరి రసం పీల్చే సుడిదోమ, తెల్లమచ్చ దోమ, పచ్చదోమ, వీటన్నిటినీ మన రైతులు దోమలనే అంటారు. నిజానికి ఇవి నల్లి, పేనుబంక, పిండినల్లి కులానివి. నోరు సూదిలా ఉంటుంది. నమలడం తెలీదు, పీల్చడమే. వీటిలో ఒక పెద్ద గుంపుని ఇంగ్లీషులో ప్లాంట్‌హాపర్లు అంటారు. తెలుగులో ఆ గుంపు మొత్తానికి పేరు లేదు, వరిని పాడుచేసే రెండు మూడింటికే ఉంది. మన నోట పేరు పడాలంటే ముందు మన కంచంలో చెయ్యి పెట్టాలి కాబోలు.

దీపావళి దగ్గర పడుతుంటే ట్యూబులైటు చుట్టూ మూగి, పులుసులో పడి, చొక్కా కాలరులో దూరే పచ్చ పురుగులు అందరికీ తెలిసినవే. అవి ప్లాంట్‌హాపర్లు కావు, లీఫ్‌హాపర్లు. తేడా ముఖంలో ఉంది. లీఫ్‌హాపర్‌కి మీసాలు ముందువైపు, కళ్ల మధ్య మొలుస్తాయి. ప్లాంట్‌హాపర్‌కి కంటి కింద, చెంప మీద. మీసం మొదలు చిన్న గుండులా ఉబ్బి, చివర ఒక వెంట్రుకతో ఆగుతుంది. వెనక కాళ్లు చూస్తే లీఫ్‌హాపర్‌కి దువ్వెన పళ్లలా వరసగా ముళ్లుంటాయి, ప్లాంట్‌హాపర్‌కి విడివిడిగా కొన్నే. అందులోనూ సుడిదోమ కుటుంబానికి, అంటే డెల్ఫాసిడేకి, పిక్క చివర ఒక పెద్ద ముల్లు అటూ ఇటూ కదిలేలా అమరి ఉంటుంది. పందెం కోడి కాలికి కత్తి కట్టినట్టు. పెద్దాయన అడిగింది దాన్నే.

మొదటి రోజు

మహాలయ అమావాస్య నాడు ఆమదాలవలసలో గుణుపురం పాసింజరు ఎక్కాను. అమావాస్య పూట ప్రయాణమేమిటని మా ఆవిడ గొణిగింది. పురుగుల వెంట తిరిగేవాళ్లకి అంతకు మించిన ముహూర్తం లేదు. వెన్నెల లేని రాత్రుల్లోనే దీపానికి పురుగు బాగా వస్తుంది. పైగా దసరా సెలవులు.

నౌపడలో రైలు మెయిన్ లైను వదిలేస్తుంది. 1900లో పర్లాకిమిడి రాజులు వేయించిన బుల్లి రైలు దారి ఇది. 2011 నుంచి బ్రాడ్ గేజ్ మీద నడుస్తోంది కానీ, తొందరపడే అలవాటు మాత్రం ఇంకా రాలేదు. టెక్కలి, టెంబూరు, పాతపట్నం. పాతపట్నంలో సగం పెట్టె ఖాళీ అయింది. మర్నాటి నుంచి నవరాత్రులు, నీలమణి దుర్గమ్మ గుడికి పనుందన్నారు. మహేంద్రతనయ నది దాటితే ఒడిశా, గజపతి జిల్లా. స్టేషను బయట బోర్డులు ఒడియాలో, బేరాలు తెలుగులో. ఈ ఊళ్లోనే బడిలో పంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన బతికుంటే ప్లాంట్‌హాపర్‌కి ఏ కొండ ఊళ్లోంచో ఒక మంచి మాట పట్టుకొచ్చేవారని నా నమ్మకం.

బావ బండి తీసుకుని వచ్చాడు. మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఊరు పర్లాకిమిడి దాటి కాస్త లోపలికి. దారిలో చెరువు గట్టు మీద జిల్లేళ్లు కనపడగానే బండి ఆపించాను. "జిల్లేడుని ఫొటో తీడానికి ఇంత దూరమొచ్చావా బామ్మర్దీ?" అన్నాడు. జిల్లేడు కాదు, దాని కాండం మీద బూడిద, గోధుమ కలిసిన రంగులో చింతగింజంత పురుగు. యూరీబ్రాకిస్ అనే ప్లాంట్‌హాపర్. జిల్లేడు దాని ఇష్టమైన చెట్లలో ఒకటి.

దీన్ని ఫొటో తీయడం దొంగాట. మనం ఇటు వంగితే అది ఎగరదు, కంగారు పడదు, కాండం చుట్టూ అడ్డంగా జరిగి అవతలి పక్కకి పోతుంది. మనం అటు వెళితే మళ్లీ ఇటు వస్తుంది. నాలుగు ప్రదక్షిణాలు చేశాక దీని మందు గుర్తొచ్చింది. ఎడమ చేతి వేలు కాండం వెనక అడ్డం పెడితే, వేలికి జడిసి అదే మన ముందుకి జరుగుతుంది. కెమెరాని ఆ ఎడమ మణికట్టు మీదే ఆనించాలి. కాండం ఊగితే కెమెరా కూడా దాంతోపాటే ఊగుతుంది కాబట్టి ఫోకసు చెడదు. ముఖం దొరికింది. పొడవు కంటే వెడల్పెక్కువ, బల్లపరుపుగా, దోసె తిరగేసే అట్లకాడలా. ఆ కుటుంబానికి ఆ వెడల్పు ముఖమే గుర్తు.

పక్క కొమ్మ మీద దీని పిల్ల ఒకటుంది. తోక దగ్గర రెండు పోగులు పైకెత్తి, ఏది తలో ఏది తోకో తెలీకుండా నిలబడింది. బావ వేలు పెట్టగానే వెనక్కి నడిచింది. అంటే, మేం ముందు అనుకున్న వైపుకి. "ఓలమ్మో, ఇది రివర్సు గేరులో పుట్టిందిరా," అన్నాడు బావ. ఆ తర్వాత నాలుగు రోజులూ నాకంటే ముందు పురుగుల్ని చూసింది అతనే.

రెండో రోజు

ఈ రోజు గురించి ఎక్కువ రాస్తాను. ఫొటో పని అసలు ఎక్కడ మొదలవ్వాలో తెలిసింది ఈ రోజే.

పొద్దున్నే మావయ్య పంచె ఎగ్గట్టి మడిలో దిగాడు. ఆయన వేసింది స్వర్ణ. మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన రకం, ఒడిశా పల్లెల్లో ఇప్పటికీ దాన్ని వదలనివాళ్లు చాలామంది. నేను కెమెరా తీసి ఫ్లాషు బిగిస్తున్నాను.

"ఒరే అల్లుడూ, ఆ యంత్రం గట్టు మీద పెట్టు. ముందు సేత్తో సూడు."

ఒక దుబ్బుని కుడిచేత్తో వంచి, మొదట్లో ఎడమ అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. నీళ్ల మీద నువ్వులు చల్లినట్టు పురుగులు రాలాయి. రాలి ఊరుకోలేదు, నీటి మీదే గెంతుకుంటూ మళ్లీ దుబ్బెక్కేస్తున్నాయి. "పన్నెండు," అన్నాడు మావయ్య, నేను లెక్క మొదలుపెట్టేలోపే. ఇంకో దుబ్బు. "తొమ్మిది. అందులో రొండు తెల్లమచ్చవి." నాకు అన్నీ ఒకలాగే కనపడ్డాయి. ఎలా తెలిసిందని అడిగితే వీపు మీద తెల్లచార చూడమన్నాడు. ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే నిజంగానే, మెడ వెనక సున్నం బొట్టు పెట్టినట్టు తెల్లటి చార. సొగటెల్లా ఫర్సిఫెరా. తక్కినవి సుడిదోమ, నీలపర్వత ల్యూజెన్స్.

ఈ నీలపర్వత అనే మాట చూసి చాలాకాలం ఇది మన నీలగిరుల్లో దొరికిన పురుగు కాబోలనుకున్నాను. ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకి, ఆ పేరు పెట్టింది డిస్టంట్ అనే ఇంగ్లీషాయన. మన దేశపు పురుగుల మీద 1906లో ఒక లావుపాటి సంపుటం అచ్చువేసినవాడు. సంస్కృతం పేర్లంటే ఆ కాలం పురుగుల శాస్త్రజ్ఞులకి మహా మోజు. దాని సంగతి నాలుగో రోజు చెబుతాను.

గట్టు మీద నుంచి వంగితే దుబ్బు మొదలు కనపడదు. మోకాళ్ల మీద బురదలో కూర్చోవాల్సిందే. మావయ్య ఎరువుల ఖాళీ బస్తా ఒకటి మడిచి ఇచ్చాడు. దాని మీద కూర్చుని, లెన్సు నీటికి జానెడు ఎత్తులో పెట్టి చూశాను. పెద్ద సుడిదోమ 4, 5 మిల్లీమీటర్లు ఉంటుంది. దాన్ని నిండుగా తీయాలంటే మాక్రో లెన్సు దాదాపు దాని మీద వాలిపోవాలి. అంత దగ్గరికి వెళ్తే ఫోకసులో ఉండే మందం కాగితమంత. మీసం స్పష్టంగా వస్తే కాలు మసక, కాలు వస్తే కన్ను మసక. అందుకే లెన్సు రంధ్రం చిన్నదయ్యేలా ఎపర్చరు 11 పెట్టి, ఫ్లాషు వెలుగు చాలక ఐఎస్ఓ, అంటే కెమెరాకి వెలుగు పట్టే గుణం, పెంచాను. ఫ్లాషుకి ముందు కట్టింది తెల్ల ప్లాస్టిక్ డబ్బా మూత. కొన్న డిఫ్యూజర్ కంటే బాగుంది, బురద పడితే కడుక్కోవచ్చు.

లెన్సులో ఒక ఆడదోమ. పాకం బెల్లం రంగు. రెక్కలు నడుం దాకానే ఉన్నాయి, పొట్ట మాత్రం నిండుగా కిందికి దిగి ఉంది. ముక్కు కాండంలో దించి కదలకుండా కూర్చుంది. చూస్తుండగా పొట్ట చివర ఒక బొట్టు ఊరింది. గుండ్రంగా, ఫ్లాషు వెలుగులో అద్దంలా. ఒక్క క్షణం ఆగి నీళ్లలో పడింది. మామిడి రైతులు తేనెమంచు అంటారు చూడండి, అదే. పీల్చిన రసంలో ఒంటికి పట్టింది పోగా మిగిలిన తీపి నీళ్లు. దాని మీదే తర్వాత మసిలాంటి బూజు పడుతుంది.

పొట్టి రెక్కల ఆడవి గుడ్లు పెట్టే పని మీద ఉంటాయి. మందలో కిక్కిరిసి, పైరు ముదిరి రసం తగ్గితే, తర్వాతి తరంలో పొడుగు రెక్కలవి ఎక్కువగా పుట్టి ఎగిరిపోతాయి. ఈ ఎగరడం చిన్నదేమీ కాదు. జపాన్ చలికి ఈ పురుగు బతకదు. అయినా ఏటా వానల గాలితో సముద్రం దాటి అక్కడి పొలాల్లో దిగుతుంది. అక్కడ 1732లో వచ్చిన పెద్ద కరువుకి ఈ దోమలే కారణమని చెబుతారు.

పక్క మడిలో నడిమధ్య బండి చక్రమంత మేర పైరు ఎండి పడి ఉంది. దూరం నుంచి ఎవరో మంట పెట్టి ఆర్పినట్టుంది. సుళ్లు సుళ్లుగా ఎండుతుంది కాబట్టి సుడిదోమ. ఇక్కడి ఒడియా రైతులు చకడా పోక అంటారట. చకడా అన్నా అలా గుండ్రంగా పడే మచ్చేనని బావ చెప్పాడు. రెండు భాషలూ పురుగుని చూసి కాదు, పొలానికి చేసిన గాయాన్ని చూసి పేరు పెట్టాయి. 2017లో పశ్చిమ ఒడిశాలో, ముఖ్యంగా బర్‌గఢ్ వైపు, ఈ చకడా కోతకొచ్చిన పంటని తినేసింది.

"ఆళ్లు రొండు మందులు కలిపి కొట్టీసినారు," అన్నాడు మావయ్య, పక్క మడి వైపు చూపు తిప్పకుండా. "దోమ పోలేదు. దోమని తినీవి పోయినాయి."

ఇది పుస్తకాల్లోనూ ఉన్న మాటే. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొడితే సాలీళ్లు, దోమ గుడ్లని పీల్చే మిరిడ్ నల్లులు చస్తాయి, సుడిదోమ ముందుకంటే ఎక్కువై తిరిగొస్తుంది. మావయ్య మడిలో నాకు పది దుబ్బుల్లో ఆరు తోడేలు సాలీళ్లు కనపడ్డాయి. ఆయన నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకీ 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలాడు. వ్యవసాయ శాఖ వాళ్లు ఏళ్ల తరబడి చెబుతున్నదే. దుబ్బు మొదళ్లకి గాలీ వెలుతురూ తగిలితే దోమ నిలవదు. నాకు మాత్రం ఆ బాటలు ఇంకోలా పనికొచ్చాయి, పైరు తొక్కకుండా మోకాళ్ల మీద పాకడానికి.

మధ్యాహ్నానికి 200 ఫొటోలు. ముఖాలున్నాయి, పక్కలున్నాయి. వెనక కాలు ఒక్కదాంట్లోనూ లేదు. కూర్చున్నప్పుడు ఆ కాలు రెక్క కిందికి ముడుచుకుపోతుంది. గెంతేటప్పుడు తప్ప బయటికి రాదు, గెంతాక పురుగే ఉండదు.

రాత్రి మేడ మీద దండేనికి అత్త దుప్పటి కట్టి, వెనక బల్బు వేలాడదీశాం. ఏడున్నరకి మొదలైన పురుగులు ఎనిమిదికి దుప్పటి రంగు మార్చేశాయి. దీపపు పురుగులు వేలల్లో. వాటి మధ్య పొడుగు రెక్కల సుడిదోమలు, తెల్లమచ్చవి. పచ్చటి గుడారంలా రెక్కలు మూసుకున్న ఒకటి వచ్చి వాలేసరికి నేను కేక పెట్టాను, ఫ్లాటిడే అని. అదీ ఒక ప్లాంట్‌హాపర్ కుటుంబమే. పక్కింటి గుంటడు, ఏడో తరగతి, దగ్గరికొచ్చి చూసి "దాని కాలికి దువ్వెనుంది కదా మావా?" అన్నాడు. పొద్దున వాడికి నేనే చెప్పిన పాఠం. దువ్వెన ఉంది. అది పెద్ద లీఫ్‌హాపర్. ఫొటో చెరిపేశాను, వాడు నవ్వడం మాత్రం ఆపలేదు.

ఆ గుంటడే దారి కూడా చూపించాడు. తొలిరోజు పూజకి తెచ్చిన స్వీటు డబ్బా మూత తెచ్చి, దుప్పటి మీది దోమని దాంట్లో పట్టి, ఇంకో మూత బోర్లించాడు. పారదర్శకమైన మూత. కింద నుంచి చూస్తే దోమ పొట్ట, ఆరు కాళ్లు, అన్నీ మన వైపే. ఏడాదిగా నేను పైనుంచీ పక్కనుంచీ చూస్తున్నానే తప్ప కింద నుంచి చూడొచ్చని తట్టలేదు. పదకొండు ఫొటోలు తీశాను. పన్నెండోదానికి కరెంటు పోయింది. అత్త కింద నుంచి "ఇక సాలు, నా దుప్పటి నాకివ్వండి," అంది.

మూడో రోజు

గండాహతి జలపాతం. నీటి హోరులో ఫొటోలు తీసుకునేవాళ్లందరూ నీళ్ల వైపు తిరిగి నిలబడితే, మేమిద్దరం నీళ్లకి వీపు పెట్టి పొదల్లో తల దూర్చాం. ఒకాయన బావని ఒడియాలో ఏదో అడిగాడు. ఏమన్నాడని అడిగితే "ఏటి పారేసుకున్నారని అడుగుతున్నాడు," అన్నాడు బావ.

పొద కొమ్మ నిండా తెల్లగా దూది అంటుకుని ఉంది. ఊదితే దూది నడిచింది. ఫ్లాటిడ్ పిల్లలు. ఒంట్లోంచి మైనం పోగులు ఊరించుకుని వాటినే తోకలా, కుచ్చులా మోస్తుంటాయి. వేలు తగిలితే కుచ్చు విరిగి మన వేలికే అంటుకుంటుంది, పురుగు మాత్రం గెంతి పోతుంది. దాన్ని పట్టబోయిన సాలీడు నోట్లోనూ మిగిలేది మైనమే అయ్యుండాలి. కట్టెలు మోసుకుంటూ వెళ్తున్న సవర ఆవిడని బావ ఆపి, దీన్ని మీరేమంటారని అడిగాడు. ఆవిడ నవ్వి ఒక మాట అంది. రెండుసార్లు అనిపించుకున్నా నాకు పట్టుబడలేదు. రాస్తే తప్పు రాస్తాను కాబట్టి రాయడం లేదు.

పెద్దవి అక్కడే దొరికాయి. లేతాకుపచ్చ రెక్కలు ఇంటి కప్పులా నిటారుగా మూసుకుని, కొమ్మ మీద వరసగా, ముళ్లు మొలిచాయేమో అనిపించేలా. రెక్క మొదట్లో లోపలి అంచు దగ్గర సగ్గుబియ్యంలా చిన్న చిన్న బొడిపెలుంటే ఫ్లాటిడే. కాస్త దూరంలో నల్లగా, మచ్చల రెక్కలు చిమ్మటలా పరిచి కూర్చున్నది రికానియిడే. దానికి ఆ బొడిపెలుండవు. ఈ ఒక్క తేడా చూడటానికి పక్క నుంచి, వెలుగు ఏటవాలుగా పడేలా ఒక్క ఫొటో చాలు. పోయినేడాది నా దగ్గర ఆ ఒక్కటే లేదు.

ఇక ఇసిడే పిల్ల. ఆకు మీద మిరియపు గింజలా కూర్చుంది. ఫోకసు చేస్తున్నాను, లేదు. గెంతడం కనపడలేదు, లేకపోవడమే కనపడింది. ఈ కుటుంబంలో ఒక యూరప్ పురుగు పిల్లకి వెనక కాళ్ల మొదట్లో పళ్ల చక్రాలున్నాయని 2013లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు బరోస్, సటన్ చూపించారు. సైకిలు గేరు పళ్లలా ఒకదానిలో ఒకటి ఇరుక్కుని, రెండు కాళ్లూ ఒకే క్షణంలో తన్నేలా చేస్తాయి. పెద్దయ్యాక కుబుసంతో పాటు అవీ పోతాయి. ఇది విని బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి పెద్దయ్యాక గేర్లు ఎందుకు తీసేసినాడు దేవుడు?" అన్నాడు. పెద్దదానికి పన్ను విరిగితే మళ్లీ కుబుసం విడిచే అవకాశం లేదు, బాగుచేసుకోలేదు, అదే కారణం కావచ్చని వాళ్ల ఊహ అని చెప్పాను. "మెకానిక్ లేడన్నమాట," అన్నాడు.

నాలుగో రోజు

మహేంద్రగిరి గురించి ఎక్కువ చెప్పను. 1,501 మీటర్ల కొండ, పైన కుంతి, భీముడు, ధర్మరాజుల రాతి గుళ్లు, పరశురాముడు తపస్సు చేశాడంటారు. జీపు దిగేసరికి మంచు ఎంత దట్టమంటే, భీముడి గుడి దగ్గరే నిలబడి భీముడి గుడెక్కడని అడిగాం. లెన్సు లోపల ఆవిరి పట్టింది.

నేను వెళ్లింది కాళిదాసు కోసం. నిజంగానే ఆ పేరుతో ఒక ప్లాంట్‌హాపర్ ప్రజాతి ఉంది. కిర్కాల్డీ అనే ఆయన 1900లో పెట్టాడు. మన దక్షిణాదిలో ఉండేది కాళిదాస లనాటా. చెట్టు బోదె మీద తలకిందులుగానో నిటారుగానో కూర్చుంటుంది, ముక్కు మీద సన్నటి కాడ ఒకటి లేచి ఉంటుంది. అది ఈ కొండ మీద ఉందని నాకెవరూ చెప్పలేదు, ఆశ అంతే. రెండు గంటలు ఒక్కో బోదె చుట్టూ తిరిగాం. బావ ప్రతి చెట్టు దగ్గరా "కాళిదాసు గారూ, ఉన్నారా?" అని పిలిచాడు. దొరికింది ఒక జలగ, నా మేజోడులో.

కిందికి వస్తూ గడ్డిపోచ మీద ఆకుపచ్చగా, ముక్కు పొడుగ్గా సాగిన డిక్టియోఫారిడే ఒకటి. తీసిన మూడు ఫొటోలూ పొగమంచులో పెళ్లి ఫొటోల్లా వచ్చాయి.

అయిదో రోజు

తిరుగు రైలు మధ్యాహ్నం. పొద్దున్న కాశీనగర్ దగ్గర, వంశధార వైపు, బావ స్నేహితుడి చెరకు తోటకి వెళ్లాం. ఎండుగడ్డి రంగులో, తల ముందుకి పొడుచుకొచ్చిన పైరిల్లా ఆకు కింద పట్టుకుంటే పదులు. ఇది లోఫోపిడే కుటుంబం. వీటిలో ఒకదాని వీపు మీద తెల్లటి అటుకు అంటుకున్నట్టుంది. మొదట మైనమే అనుకున్నాను. లెన్సులో చూస్తే అటుకు కదిలింది. ఎపిరికానియా అనే చిమ్మట పిల్ల. పైరిల్లా వీపెక్కి, దాన్నే పీలుస్తూ పెరుగుతుంది. పైరిల్లా దాన్ని మోసుకుంటూనే ఆకు మొదటి నుంచి చివరకి నడిచింది. చివర దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. తోట యజమాని ఆ తెల్లవాటిని చూస్తే ఆ ఆకు కోయడట, పురుగు ఎక్కువున్న పక్క తోటలో తీసుకెళ్లి కడతాడట. మందు కంటే అదే పనిచేసిందన్నాడు.

తోట గట్టు మీద కొబ్బరి ఆకుల అడుగున డెర్బిడే గుంపు కూడా ఉంది, నల్లటి రెక్కలు రెండు పక్కలకీ చాచి వేలాడుతూ. వాటి పిల్లలు కుళ్లిన చెక్కలో బూజు తిని పెరుగుతాయి. మెడ పట్టేసి రెండే తీశాను. రైలుకి టైమైంది.

ఇంటికొచ్చిన రాత్రి స్వీటు డబ్బా మూత ఫొటోలు కంప్యూటర్లో తెరిచాను. పదకొండులో ఏడు మసక. రెండింటిలో మూత మీద జీడిపాకం మరక. పదోదాంట్లో దోమ కాలు చాచింది. పిక్క చివర ఆకులాంటి ముల్లు, అంచున సన్నటి పళ్లు. ఇంకా పెద్దది చేస్తే పాదం మొదటి కణుపు పక్కన మరో చిన్న ముల్లు, ఒక్కటే, ఉందా లేదా అన్నట్టు. అది ఉంటే నీలపర్వత ప్రజాతి అని ఖాయం. అందులో ఏ జాతో తేల్చాలంటే మగ పురుగు పొట్ట చివరి భాగాలు మైక్రోస్కోపు కింద పెట్టాలి. ఫొటో అక్కడి దాకా రాదు. నేను కింద "నీలపర్వత" అని మాత్రం రాసి, రెండో పేరు ఖాళీగా వదిలేశాను. వరి మడి పక్కనే పట్టింది కాబట్టి ల్యూజెన్సే అని నాకూ తెలుసు. కానీ తెలియడం వేరు, ఫొటోలో ఉండటం వేరు. ఒక్క వీపు చూసి రెండు లాటిన్ పేర్లూ రాసేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పోయినేడాది దాకా నేనూ అదే పని చేశాననుకోండి.

మావయ్యకి ఫోన్ చేశాను.

"పేరు తెలిసిందేటి అల్లుడూ?"

"సగం తెలిసింది మావయ్యా."

"మరి మిగతా సగం?"

"మగదాన్ని పట్టి కోసి చూడాలట."

"దుబ్బుకి పదైదు దాటినాయి ఈయాల. ఎన్ని కావాలో సెప్పు, సీసాలో పెట్టి పంపిస్తాను. నీళ్లు తీసీసినాను, రేపటికి తగ్గిపోతాయేమో. తొందరగా సెప్పు."